"లేవు కదా?" అని అడగకూడదని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు

కౌన్సెలింగ్ సైకాలజీలో మాస్టర్స్ చదువుతున్నానంటే చాలామంది అనే మాట ఒకటే: "ఓ, సలహాలిచ్చే కోర్సా? తేలికే కదా!" మొదట్లో నవ్వి ఊరుకునేదాన్ని. బయటివాళ్లు అలా అనుకుంటే పోనీలే అనుకోవచ్చు. కానీ రెండేళ్లుగా చూస్తున్నాను, మాకు ఈ చదువు చెప్పే తీరులో కూడా అదే ఆలోచన దాగి ఉంది. థియరీ చదివి పరీక్ష రాస్తే చాలు, మనుషుల ముందు కూర్చోవడం దానంతటదే వచ్చేస్తుందన్న ఆలోచన. అది అబద్ధం. నా అనుభవంతో చెబుతున్నాను.

మొదటి సెమిస్టర్‌లో, కౌన్సెలింగ్‌కు పునాది వేసిన అమెరికన్ సైకాలజిస్ట్ కార్ల్ రోజర్స్ మీద వచ్చిన ప్రశ్నకు నాకు మంచి మార్కులొచ్చాయి. మనిషిలో మార్పు రావడానికి ఏమేం కావాలో 1957 నాటి వ్యాసంలో ఆయన ఆరు పరిస్థితులుగా చెప్పారు. వాటిలో మూడు కౌన్సెలర్‌లో ఉండాల్సినవి: ఎదుటి మనిషి లోకాన్ని ఆ మనిషి వైపు నుంచి చూడగలగడం, షరతులు పెట్టకుండా ఆదరించడం, లోపల ఒకటి బయట ఒకటి లేకపోవడం. అన్నీ వరసగా రాసేశాను.

మూడు వారాల తర్వాత తోటి విద్యార్థినితో ఇరవై నిమిషాల రోల్ ప్లే. నేను కౌన్సెలర్, ఆమె క్లయింట్. తనకూ అక్కకూ మాటలు ఆగిపోయాయని చెబుతోంది. ఆ రాత్రి రికార్డింగ్ విన్నాను. మూడో నిమిషానికే "పోనీ నువ్వే ఒకసారి ఫోన్ చేసి చూడొచ్చు కదా" అనేశాను. ఆమె ఎక్కడ ఆగినా ఆ ఖాళీలో నా ప్రశ్న ఒకటి వచ్చి పడింది. పన్నెండో నిమిషంలో ఆమె "సరేలే, అదంతా వదిలెయ్" అంది. నేనేమో అది గమనించనేలేదు, ఇంకో ప్రశ్న వేశాను. మాటకు మాట కాగితం మీద రాసుకుంటే సగం కన్నా ఎక్కువ నా మాటలే.

సూపర్‌విజన్‌లో, అంటే అనుభవమున్నవాళ్లు మా సెషన్ విని సరిదిద్దే గంటలో, మేడమ్ ఆ ముక్కను రెండుసార్లు వేసి వినిపించారు. కోప్పడలేదు. "ఆమె ఆగిన ఆ నాలుగు సెకన్లలో టెన్షన్ పడింది ఎవరు? ఆమెనా, మీరా?" అని అడిగారు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరైనా మాట్లాడకుండా ఉన్నారంటే కోపంగా ఉన్నారని అర్థం. ఏదో ఒకటి మాట్లాడి ఆ నిశ్శబ్దాన్ని పోగొట్టే పని నాదే. ఆ అలవాటునే కౌన్సెలింగ్ గదిలోకి తెచ్చుకున్నానని ఆ రోజు తెలిసింది. క్లయింట్ ముందు కౌన్సెలర్ సొంత భావాలు, పాత అలవాట్లు ఇలా అడ్డురావడాన్ని కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు. ఈ మాటను ఫ్రాయిడ్ 1910 నాటికే వాడారు. ఆ నిర్వచనం నాకు ముందే వచ్చు. అది నాలో ఎక్కడుందో మాత్రం ఆ నాలుగు సెకన్లు వినేదాకా తెలియలేదు.

అసలు ఈ రికార్డింగ్ పద్ధతికి దారి వేసినవాళ్లలో రోజర్స్ ఒకరు. 1942లో వచ్చిన తన పుస్తకంలో ఒక క్లయింట్‌తో జరిగిన సెషన్లన్నీ మాటకు మాటగా అచ్చు వేయించారు. గ్రామఫోన్ డిస్కుల కాలంలో అంత కష్టపడింది, కౌన్సెలర్ ఏం చేశానని చెప్పుకుంటున్నాడో కాదు, నిజంగా ఏం చేశాడో వినాలని. ఈ రోజు అందరి జేబుల్లో రికార్డర్ ఉంది. అయినా మేము ఆయన గురించి వ్యాసాలు రాస్తున్నాం.

నన్ను నిజంగా కదిలించిన క్లాస్ ఇంకొకటుంది. ఆత్మహత్య ఆలోచనల గురించి అడగడం. నేరుగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్న భయం నిజం కాదని, అడగకపోవడమే ప్రమాదమని అప్పటికే చదివాం. డిప్రెషన్‌ను అంచనా వేసే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న దాని గురించేనని కూడా తెలుసు. ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, గొంతు విప్పి అడగమన్నారు. నా నోట వచ్చిన మాట: "అలాంటి ఆలోచనలేమీ లేవు కదా?"

మేడమ్ అక్కడే ఆపారు. "'లేవు కదా' అంటే లేవని చెప్పమని బతిమాలుతున్నట్టే. మీరు భయపడుతున్నారని ఆ మనిషికి తెలిసిపోతుంది. మీకోసం లేవనే చెబుతారు" అన్నారు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని ఉన్నదున్నట్టు అడగడానికి నాకు ఐదారు ప్రయత్నాలు పట్టాయి. మొదటి రెండుసార్లు గొంతు వణికింది. అలా అడిగాక, వచ్చిన జవాబు ఏదైనా వినడానికి స్థిమితంగా కూర్చోవడం ఇంకా కష్టం. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుందా? మన భాషలో ఆ చిన్న "కదా" ఎంత పని చేస్తుందో ఒకరు పక్కన కూర్చుని విని చెబితేనే తెలుస్తుంది.

అందుకే రెండో ఏడాదిలో జరిగింది నాకు మింగుడు పడటం లేదు. విద్యార్థులు పెరిగారు, సూపర్‌వైజర్లు పెరగలేదు. విడివిడిగా జరిగే సూపర్‌విజన్ ఆగిపోయి, పాతికమందిని ఒక గదిలో కూర్చోబెట్టే గంట మిగిలింది. సెషన్‌ను మాటకు మాటగా ఒక సాయంత్రమంతా కూర్చుని రాసిన ట్రాన్స్‌క్రిప్ట్ కేవలం ఒక సంతకంతో తిరిగొచ్చింది. రికార్డింగ్ ఎవరూ వినలేదు. ఈలోగా మాలో కొందరు ప్రాక్టికమ్‌లో, అంటే కోర్సులో భాగమైన క్షేత్ర శిక్షణలో, నిజమైన క్లయింట్ల ముందు కూర్చుంటున్నారు. పోయిన నెల నా స్నేహితురాలికి మొదటిసారి ఒకరు "బతకాలని లేదు" అని చెప్పారు. తను సరిగ్గానే అడిగింది, పైవాళ్లకు వెంటనే చెప్పింది. కానీ ఆ తర్వాత తనతో కూర్చుని మాట్లాడే మనిషి దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ తను నిద్రపోలేదు.

థియరీ వద్దని నేననడం లేదు. సైకాలజిస్ట్ బోర్డిన్ 1979లో చెప్పిన విషయం నాకు ఇప్పటికీ దారి చూపిస్తుంది: కౌన్సెలర్‌కూ క్లయింట్‌కూ లక్ష్యం మీద, చేయాల్సిన పని మీద ఒప్పందం కుదరాలి, ఇద్దరి మధ్య ఒక బంధం ఏర్పడాలి. ఆ సంబంధం ఎంత గట్టిగా ఉంటే ఫలితం అంత బాగుంటుందని తర్వాతి పరిశోధనలు మళ్లీ మళ్లీ చూపించాయి. మరి ఆ సంబంధాన్ని కట్టడం నేర్పే గంటలనే ముందుగా కోసేస్తే ఎలా?

రికార్డింగులకు మార్కులు వేయడం కష్టమని, ఒక్కొక్కరు ఒక్కోలా వేస్తారని మాకు చెప్పారు. కష్టమే, ఒప్పుకుంటాను. అయితే కలిసి వినండి, ఇద్దరు వేయండి. దిద్దడం సులువని రాతపరీక్ష పెట్టి, అందులో పాసైనవాళ్లను మనుషుల దగ్గరికి పంపడం న్యాయం కాదు.

ఈ కోర్సులో చేరదామనుకునేవాళ్లు సిలబస్ చూసి ఆగిపోకండి. సూపర్‌విజన్ ఎన్ని గంటలు, అందులో సూపర్‌వైజర్‌తో విడిగా ఒక్కరే కూర్చునేవి ఎన్ని, మీ రికార్డింగ్ ఎవరు వింటారు అని చేరకముందే అడగండి.

మేము నలుగురం ఇప్పుడు శనివారాలు ఒకరి రోల్ ప్లే ఒకరం వింటున్నాం. క్లయింట్ల సంగతులు అక్కడికి తీసుకురాము. ఎంతో కొంత ఉపయోగపడుతోంది. కానీ నలుగురం ఒకే క్లాస్‌లో చదివాం, ఒకే చోట తడబడతాం. అనుభవమున్న సూపర్‌వైజర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, నెలకొక గంట మాతో కూర్చుంటారా? మెసేజ్ పెట్టండి.