పన్నెండువేల అడుగుల మీద ఆవకాయ

సముద్రమట్టానికి గట్టిగా పాతిక మీటర్లు కూడా లేని ఊరు బెజవాడ. బెంజి సర్కిల్ నుంచి పటమట వెళ్ళాలన్నా బండి తీసే ఈ జనానికి ఈమధ్య హిమాలయాల పిచ్చి పట్టింది. కొండంటే మనకి ఇన్నాళ్ళూ ఇంద్రకీలాద్రి. ఘాట్ రోడ్డు మీద కారెళ్తుంది, దర్శనమయ్యాక ప్రసాదం చేతిలో పడుతుంది. ఇప్పుడేమో సెలవు పెట్టి, డబ్బు కట్టి మరీ స్నానం లేకుండా నాలుగు రోజులు వణికి వస్తున్నారు. ఇది రోగమో భక్తో తేలేలోగా, కృష్ణా, గుంటూరు ఉభయ జిల్లాల క్షేమం కోరి కొన్ని విన్నపాలు.

మనవాళ్ళ మొదటి మొక్కు చాలావరకు కేదార్‌కంఠకే. ఉత్తరాఖండ్‌లో ఉత్తరకాశీ జిల్లా శిఖరం, 12,500 అడుగులు. డెహ్రాడూన్ నుంచి నడక మొదలయ్యే ఊరు సాంక్రీ 200 కిలోమీటర్లు. మన హైవే లెక్కలో నాలుగు గంటలు, ఆ మలుపుల్లో పొద్దు పొద్దంతా. కొండెక్కక ముందే పొట్టలో ఉన్నదంతా దిగిపోయే ఏర్పాటు అది.

తయారీ అనగానే అందరూ మంగళగిరి మెట్లెక్కుతారు. వందల మెట్లెక్కి, పానకం తాగి, 'మనం రెడీ' అని స్టేటస్ పెడతారు. ఎక్కడం ఎవడైనా ఎక్కుతాడు. మోకాళ్ళ సంగతి తేలేది దిగేటప్పుడే. కాబట్టి వీపు మీద ఎనిమిది కిలోల బియ్యం వేసుకుని ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కాలి. ఆ బరువు నడుం బెల్టు మీద, తుంటి ఎముకపై కూర్చోవాలి. బెల్టు వదిలేసి భుజాలకి వేలాడదీస్తే రెండో రోజుకి మెడ తిరగదు. బూట్లు నెల ముందే కొని తొడిగి తిరగాలి. బయల్దేరే ముందు కాలిగోళ్ళు కత్తిరించాలి, దిగేముందు చీలమండ దగ్గర లేసు బిగించాలి. లేకపోతే ప్రతి అడుగుకీ బొటనవేలు బూటు ముక్కుకి కొట్టుకుని, గోరు నల్లబడి, ఊరొచ్చాక తీరిగ్గా ఊడుతుంది.

పత్తి పండించే జిల్లావాళ్ళకి చెప్పాలంటే నోరు రావట్లేదు గానీ, కొండ మీద నూలు బట్ట శత్రువు. చెమటకి తడిస్తే ఆరదు, ఒంట్లో వేడిని పీల్చేస్తుంది. మనవాళ్ళు బయల్దేరేటప్పుడే బనీను, చొక్కా, స్వెట్టరు, జాకెట్టు అన్నీ ఒకేసారి తగిలించి, అరగంటలో లోపలంతా తడుపుకుంటారు. ఆగిన రెండు నిమిషాల్లో ఆ తడే మంచవుతుంది. నడిచేటప్పుడు కాస్త చలేస్తూ ఉండాలి. జాకెట్టు ఆగినప్పుడు వేసుకోవడానికి.

ఇక గాలి. పానకాల స్వామి మనం పోసినదాంట్లో సగం పుచ్చుకుని సగం తిరిగిస్తాడని పేరు. ఈ కొండ ఆక్సిజన్‌లో మూడో వంతుకి పైగా పుచ్చుకుంటుంది, తిరిగివ్వదు. ఎత్తు జబ్బు గుర్తులు తలనొప్పి, వికారం, అన్నం మీద అయిష్టం (మనవాళ్ళలో ఈ మూడోది కనిపిస్తే తక్షణం కంగారు పడాలి). గుంటూరు మిరపకాయ నమిలి నీళ్ళడగని మొనగాడికీ మినహాయింపు లేదు. ఒంట్లో సత్తువుందని ముందు పరుగెత్తేవాడే తరచు పడతాడు. ఆ జబ్బు రాకుండా వాడే ఎసిటజోలమైడ్ మాత్ర 125 మిల్లీగ్రాములు, పూటకొకటి చొప్పున రోజుకి రెండు, డాక్టర్ని అడిగాకే వేసుకోవాలి. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. రోజుకి మూడు నాలుగు లీటర్ల నీళ్ళు తాగాలి. ముందు కాలి మడమకి వెనక కాలి వేళ్ళు ఆనిస్తూ తిన్నగా నడవమంటే తూలుతున్నాడా, ఇక వాదన లేదు, ఆ రాత్రే దించాలి. ఎత్తు జబ్బుకి అసలు మందు కిందికి దిగడమే.

కానీ మన జాతికి అసలు పరీక్ష అన్నం దగ్గర. పదకొండు వేల అడుగులు దాటితే నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. గిన్నెలో ఎసరు ఎంత తెర్లినా మెతుకు నడిమి పలుకు పోదు. అందుకే వంటవాళ్ళు కుక్కర్ మోసుకెళ్తారు, అయినా పెట్టేది ఎక్కువగా రాజ్మా, రోటీ. ఆవకాయ ఉందిగా అని సీసా తీస్తే స్పూను దిగదు. వేరుశనగ నూనెతో పెట్టినదైతే సున్నా డిగ్రీలు కూడా రాకముందే గడ్డ కడుతుంది. నువ్వుల నూనె ఇంకాస్త ఓర్చుకుంటుంది. రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుందామా అంటే, చలికి ఛార్జింగ్ చచ్చిపోతుందని ఫోను, పవర్‌బ్యాంకు, గడ్డ కడుతుందని నీళ్ళ సీసా అప్పటికే లోపల పడుకున్నాయి. మూత సరిగ్గా లేని పచ్చడి సీసాని వాటి పక్కన పడుకోబెట్టే ధైర్యం ఎవరికుంది?

మూడో రోజు అర్ధరాత్రి దాటాక రెండింటికో మూడింటికో లేపుతారు. పొద్దెక్కితే మంచు మెత్తబడి కాలు దిగబడుతుంది, అందుకని. బూట్లకి ముళ్ళ పట్టీలు కట్టి నడిస్తే తెల్లారేసరికి శిఖరం. ఎదురుగా స్వర్గారోహిణి, బందర్‌పూంఛ్. చల్లద్దాలు తీస్తే మంచు వెలుగుకి కళ్ళు మండిపోతాయి గనక, ఇంత డబ్బు పోసి చూడొచ్చిన స్వర్గాన్ని నల్లద్దంలోంచే చూడాలి. పదిహేను నిమిషాలు. తర్వాత దిగుడు.

నాలుగో రోజు సాయంత్రం సాంక్రీ, ఆరువేల అడుగుల చిల్లర. అక్కడ అన్నం మామూలుగానే ఉడుకుతుంది. పొయ్యి పక్కన పెట్టిన సీసాలో నూనె అంచుల నుంచి మెల్లగా వదులై, ముక్క కదులుతుంది. ఆ మొదటి ముద్ద కలిపేటప్పుడు శిఖరం ఊసు ఎవడూ ఎత్తడు.