పేర్ల గోడకు 2 లక్షలు చాలా?

మాజీ సైనికుల స్మారకాన్ని విస్తరించాలన్న మాట వస్తే చాలు, విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక లెక్క తిరుగుతుంది: "వెయ్యి చదరపు అడుగుల పేర్ల గోడకు అడుగు 200 రూపాయల చొప్పున గ్రానైట్ 2 లక్షలు. మిగతాదంతా మింగుడే. ఢిల్లీ యుద్ధ స్మారకానికే ఎకరాకు 4.4 కోట్లయింది. పైగా అది సైనికుల పింఛను డబ్బు." కూడిక సరిగ్గానే ఉంది. కూడాల్సినవే సగం లేవు.

"రాయి ఖరీదే ఖర్చు."
200 అనేది వంటింటి గట్టు మీద వేసే పలక ధర. అక్షరాలు చెక్కి, వెనక స్టెయిన్‌లెస్ స్టీలు క్లాంపులతో బిగించే గోడకు 30 మి.మీ. మందం కావాలి. వెయ్యి చదరపు అడుగులకు ఆ రాయి బరువు ఏడున్నర టన్నులు. క్లాంపులు దండగని సిమెంటుతో అతికిస్తే తెల్లటి ఉప్పు మరకలు దిగుతాయి, పలకలు ఊడతాయి. 30 మీటర్ల గోడ 40 డిగ్రీల తేడాకు దాదాపు సెంటీమీటరు సాగుతుంది. మధ్యలో ఖాళీలు వదలకపోతే అంచులు చిట్లుతాయి.

అసలు ఖర్చు నేల కింద ఉంది. గుంటూరు నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. మామూలు పునాది మీద గోడ లేపితే పగుళ్లు ఖాయం. అందుకే మూడున్నర మీటర్ల దాకా అండర్‌రీమ్‌డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బుగా ఉండే కాంక్రీటు స్తంభాలు, దింపుతారు. ఈ పద్దు రాతిని మించినా ఆశ్చర్యం లేదు.

ఇక అక్షరాలు. చీమకుర్తి గెలాక్సీ అందమైన రాయే గానీ దాని మెరుపు చుక్కల్లో చిన్న అక్షరాలు కలిసిపోతాయి. పేర్లకు చుక్కల్లేని నలుపే మేలు. అక్షరం మరీ చిన్నదైతే ఇసుక బ్లాస్టింగులో (ఇసుకను వేగంగా కొట్టి చెక్కడంలో) సున్నా నడుమ రాయి, ఒత్తుల మెలికలు ఎగిరిపోతాయి. ఒక్క పేరు తప్పు పడినా పలక మొత్తం మార్చాల్సిందే. గ్రానైటు మీద రబ్బరు పనిచేయదు. తర్వాత తెచ్చిన రాయి రంగు కలవదు కాబట్టి అదే దిమ్మె నుంచి పదో వంతు అదనంగా ముందే తీసుకోవాలి. వీటన్నిటి మీద 18 శాతం జీఎస్టీ, 1 శాతం నిర్మాణ కార్మికుల సెస్సు.

"ఢిల్లీలో ఎకరాకు 4.4 కోట్లే."
2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకానికి 40 ఎకరాలు, 176 కోట్లు. అంకెలు నిజమే, భాగహారమే పనికిరాదు. అందులో చాలా భాగం పచ్చిక, చెట్లు, నడక దారులు. మన దగ్గర అర ఎకరంలో విస్తరణంటే దాదాపు అంతా కట్టడమే. పైగా అవి అప్పటి ధరలు. అక్కడున్న 25,942 పేర్లతో భాగిస్తే పేరుకు 68 వేలు వస్తుంది, అదీ కొలమానం కాదు.

"పింఛను డబ్బు."
కాదు. రక్షణ పింఛన్లకు కేంద్ర బడ్జెట్‌లో విడి పద్దు ఉంది. 2019-20లో అది 1.12 లక్షల కోట్లు. స్మారకానికి డబ్బు ఏ పద్దు నుంచో పరిపాలనా అనుమతి ఉత్తర్వులోనే రాసి ఉంటుంది, చదివి మాట్లాడండి.

అనుమానించడానికి చోటు లేదని కాదు. కొలతల్లేకుండా "లంప్‌సమ్" అని రాసిన పద్దుల దగ్గర ఆగండి. లైటింగు, తోట పని తరచు అక్కడే దాక్కుంటాయి. సమాచార హక్కు కింద ఎస్టిమేటు, ఎం-బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు తీసుకుని గోడ దగ్గరికి వెళ్లండి. ఎం-బుక్‌లో 30 మి.మీ. అని ఉంటే, పలక అంచు మీద స్కేలు పెట్టి చూడండి.