మెగ్నీషియానికి ఒక్క వాక్యమేనా?
గుండె కణాల విద్యుత్తును లవణాలు ఎలా నడుపుతాయో నర్సుల కోసం తెలుగులో ఇంత వివరంగా వ్యాసం రాసినందుకు ధన్యవాదాలు. సోడియం ఒక్కసారిగా లోపలికి వచ్చి కణాన్ని ఉత్తేజపరచడం, కాల్షియం ఆ ఉత్తేజాన్ని కాసేపు నిలపడం, పొటాషియం బయటికి వెళ్లి కణాన్ని మళ్లీ దాని విశ్రాంతి స్థితికి, అంటే మైనస్ 90 మిల్లీవోల్టుల దగ్గరకు చేర్చడం చక్కగా చెప్పారు. కానీ మెగ్నీషియానికి ఒక్క వాక్యం చాలదండీ.

నేను చెన్నైలో గుండె వార్డు నర్సును. మూత్రం ఎక్కువగా పోయే మందులు వాడేవారికి పొటాషియం ఎంత ఎక్కించినా రక్తంలో అది సాధారణ కనీస స్థాయి అయిన లీటరుకు 3.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటకపోతే, ముందు మెగ్నీషియం చూడాలి. అది తగ్గితే మూత్రపిండాలు పొటాషియంను బయటికి వదిలేస్తూనే ఉంటాయి.

ఇంకో మాట. ఇక్కడి ఎండలకు బంధువులు ప్రేమగా కొబ్బరి బోండాలు తెస్తారు. వాటిలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు సరిగా పనిచేయక పొటాషియం బయటికి పోని డయాలసిస్ రోగికి అవి ఎందుకు వద్దో తెలుగులోనో తమిళంలోనో ఓపికగా చెప్పడం కూడా మన పనే.