కొండ మీద ఇల్లరికం

ఇల్లరికపుటల్లుడి బతుకు ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి ఇథియోపియా కొండల్లోని గెలాడా కోతుల రాజ్యాంగం మనకు తేలిగ్గానే అర్థమవుతుంది.

సిమియెన్ కొండల్లో, 3000 మీటర్ల పైన వీటి కాపురం. రాత్రి కొండచరియల మీద పడుకుని, తెల్లారాక పైకొచ్చి గడ్డి మేస్తాయి. తిండిలో 90 శాతం దాకా గడ్డే. రెండు చేతులా పరక పరకా పీకి, పిడికిలి నిండగానే నోట్లో కుక్కుకుని, లేవకుండా పిర్రల మీదే పక్క గడ్డికి జరుగుతాయి. కూర్చున్న చోటు నుంచి లేవకుండా మేసే విద్య తమ కనిపెట్టుడే అనుకునేవాళ్లు మన దగ్గర ఉన్నారు. పాపం, వాళ్లకు నిరాశ తప్పదు.

ఇక ఇల్లు. తల్లులు, కూతుళ్లు, అక్కచెల్లెళ్లు పుట్టింట్లోనే ఉండిపోతారు. అల్లుడు మాత్రం బయటి నుంచి దిగుతాడు. భుజాల నిండా జూలు, ఛాతీ మీద ఎర్రటి మచ్చ. పదవిలో ఉన్నవాడికి ఆ ఎరుపు మరీ ఎక్కువ, కండువా కప్పినట్టు. దూరం నుంచి చూసినవాళ్లు ఇంటిపెద్ద అనుకుంటారు. ఆయనా అలాగే అనుకుంటాడు.

1970లలో అక్కడ వీటిని గమనించిన శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ లెక్క వేరే. ఈ సంసారం నిలబడేదే ఒకరికొకరు పేలు చూసుకోవడం మీద. ఇంట్లో ఆడవాళ్లు పెరిగేకొద్దీ అందరినీ పట్టించుకోవడానికి అల్లుడికి రోజు చాలదు. అలిగినవాళ్లు పెరుగుతారు. బయట పెళ్లికాని కుర్రాళ్ల గుంపు కాచుకునే ఉంటుంది. కోరలు చూపించి కొట్టుకునేది మగవాళ్లే గానీ, ఎవరుండాలో తేల్చడంలో ఆడవాళ్లది గట్టి మాట.

ఓడినవాడు చాలాసార్లు అదే ఇంట్లో ఓ మూల ఉండిపోతాడు. పదవి పోయిన మర్నాడే పార్టీ మార్చే మనకు ఇది వింతే. కారణం మాత్రం నవ్వేది కాదు. కొత్తగా వచ్చినవాడు పాత అల్లుడి పసికూనల్ని చంపేయవచ్చు. మాజీ తన పిల్లల కోసమే ఆగుతాడు.

పొత్తు ధర్మం తెలియాలంటే ఇథియోపియాలోనే ఉన్న గువాసా అనే మరో కొండప్రాంతానికి వెళ్లాలి. అక్కడ తోడేళ్లు కోతుల మంద మధ్యకు తొందరపడకుండా, పెళ్లికొచ్చిన పెద్దమనుషుల్లా నడిచి వస్తాయి. వాటికి కావలసింది గడ్డిలోని ఎలుకలు. విడిగా వేటాడితే 25 శాతం ప్రయత్నాలే ఫలించాయి. కోతుల మధ్య 67 శాతం. పక్కనే కోతిపిల్లలు ఆడుతున్నా, వాటి జోలికి పోవు.

ఒకసారి మాత్రం ఒక తోడేలు నిగ్రహం తప్పి కోతిపిల్లను నోట కరుచుకుంది. మంద మీదపడి పిల్లను వదిలించింది, తోడేలును తరిమేసింది. తర్వాత వచ్చినా దగ్గరికి రానివ్వలేదు. మిగతా తోడేళ్లు బుజ్జగింపుల కమిటీ వేసినట్టు ఎక్కడా దాఖలాలు లేవు.