వట్టిపోయిన కారు, నిండు మనసు

నాలో ఇంత దానగుణం ఉందని నాకే తెలియదు. నిరుడు మార్చిలో ఒక మంగళవారం, పగలు పదకొండింటికి అది హఠాత్తుగా బయటపడింది. అంతకు పది నిమిషాల ముందు మెకానిక్ ఫోన్ చేసి, మా సెడాన్‌కి ట్రాన్స్‌మిషన్ ఇవాళో రేపో పోతుందని, మార్పించాలంటే బండి ఖరీదుకి రెండింతలు అవుతుందని చెప్పిన మాట నిజమే. ఈ రెండింటికీ సంబంధం ఉందని మా ఆవిడ అంటుంది. ఆవిడకి ఆధ్యాత్మిక విషయాల్లో ప్రవేశం తక్కువ.

బండి గురించి రెండు మాటలు చెప్పాలి. 2005 మోడల్, రెండు లక్షల పన్నెండు వేల మైళ్ళు. మా అమ్మాయి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది అందులోనే, పదహారేళ్ళ తర్వాత డ్రైవింగ్ నేర్చుకుంటూ గ్యారేజ్ గోడని గుద్దిందీ అందులోనే. చెక్ ఇంజిన్ లైటు ఎనిమిదేళ్ళుగా అఖండ దీపంలా వెలుగుతోంది. డ్రైవర్ పక్క అద్దం బటన్ నొక్కితే దిగుతుంది కానీ ఎక్కేటప్పుడు అరచేత్తో ఎత్తి సాయం పట్టాలి, అదీ వాన మొదలయ్యేలోపు. ఇలాంటి బండిని ఎవరైనా ఊరికే వదిలేస్తారా? ముందు అమ్మడానికి చూశాను. డీలరు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, పార్కింగ్ నుంచి బయటికి ఎటు వెళ్ళాలో చూపించాడు. ప్రకటన పెడితే ఒకాయన వచ్చి నాలుగు టైర్లూ విడిగా ఇస్తారా అని అడిగాడు. మా పిన్ని కొడుక్కి ఊరికే ఇస్తానన్నాను, ‘అన్నయ్యా, మీ అభిమానం చాలు, మాకు పార్కింగ్ లేదు’ అన్నాడు. వాడి ఇంటి ముందు మూడు బళ్ళు పట్టే చోటుంది.

అప్పుడు గుర్తొచ్చారు నాకు పేదవాళ్ళు.

‘అమ్మినదానికి ఎంతొస్తే అంత, ఆ డబ్బే ఇచ్చేయొచ్చుగా’ అంది మా ఆవిడ. నిజానికి లెక్క ప్రకారం అదే మేలు, మధ్యలో ఎవరూ వాటా తీసుకోరు, ఇచ్చిందంతా అవతలి వాళ్ళకే చేరుతుంది. కానీ డబ్బు ఇస్తే అది మన డబ్బు కదా. దానం అన్నాక ఒక పద్ధతి ఉండాలి.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కూడా కాదు. నచికేతుడి తండ్రి యజ్ఞం చేసి, ఉన్నదంతా దానం చేస్తున్నానంటూ ఏ ఆవుల్ని తోలుకొచ్చాడు? తాగవలసిన నీళ్ళు తాగేసి, మేయవలసిన గడ్డి మేసేసి, ఇవ్వవలసిన పాలు ఇచ్చేసిన ముసలి ఆవుల్ని. అంటే రెండు లక్షల మైళ్ళు దాటినవాటిని. కొడుకు ఊరుకోక ‘నన్నెవరికి ఇస్తావు’ అని మూడుసార్లు అడిగితే ‘యముడికి ఇస్తా పో’ అన్నాడు. ఆ కథలో అందరూ పిల్లవాడినే మెచ్చుకుంటారు, పాపం ఆ తండ్రి తరఫున ఒక్కడూ మాట్లాడడు. మా అమ్మాయి కూడా అడిగింది, ‘నాన్నా, దీన్ని ఎవరైనా నిజంగా నడుపుతారా?’ అని. నేను యముడి పేరు ఎత్తలేదు, చదువుకోమన్నాను.

నా ఊహలో ఏముందంటే, ఒక పెద్దావిడ చేతిలో నేను తాళాలు పెడతాను, ఆవిడ కళ్ళు చెమరుస్తాయి, నేను అటు తిరుగుతాను. తీరా కనుక్కుంటే అమెరికాలో కారు దానాల్లో చాలావాటి తంతు వేరు. టో ట్రక్ వస్తుంది, బండి వేలానికి పోతుంది, నడవకపోతే తుక్కుకి పోతుంది. చాలాచోట్ల ఈ వ్యవహారమంతా చూసేది మధ్యలో ఒక కంపెనీ, దాని ఖర్చులూ వాటా పోను మిగిలింది ధర్మ సంస్థకి. ఆ సంస్థ వాళ్ళు నా బండి మొహం కూడా చూడరు. బళ్ళు బాగుచేయించి అవసరమున్న కుటుంబాలకి నేరుగా ఇచ్చే సంస్థలు కొన్ని లేకపోలేదు, ఒకదానికి ఫోన్ చేశాను. ‘బండి నడుస్తుందా అండీ?’ అని అడిగారు. ‘నడవడం అంటే మీ ఉద్దేశంలో ఏమిటి?’ అన్నాను. చాలా మర్యాదగా పెట్టేశారు.

ఇక పన్ను సంగతి. నా ఆవేదన అంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. ఇక్కడ దానం ఇచ్చినదాని విలువని ఆదాయంలోంచి మినహాయించుకుని పన్ను తగ్గించుకోవచ్చు. ఒక స్వర్ణయుగం ఉండేది. 2004 దాకా తుక్కు బండి ఇచ్చేసి, ధరల పుస్తకంలో మంచి కండిషన్ గడిలో ఉన్న అంకె చూసి పన్ను రిటర్నులో వేసుకునేవాళ్ళు దాతలు. 2000వ సంవత్సరానికి అలా మినహాయింపు అడిగిన రిటర్నులు సుమారు 7,33,000 అని, దానివల్ల తగ్గిన పన్ను సుమారు 65 కోట్ల డాలర్లని అమెరికా కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే జీఏఓ తేల్చింది. అంతటితో ఊరుకోక 54 బళ్ళు తీసి, దాత రాసుకున్న విలువెంత, సంస్థ చేతికి వచ్చిందెంత అని పక్కపక్కన పెట్టి చూశారు. మూడింట రెండు వంతుల కేసుల్లో, దాత వంద అని రాసిన చోట సంస్థకి దక్కింది ఐదు, అంతకన్నా తక్కువ కూడా. కొన్నిట్లో సంస్థకే ఎదురు ఖర్చు. ఇది 2003 మాట. మనుషుల మంచితనాన్ని ఇలా బొమ్మా బొరుసూ చూసే ప్రభుత్వం బాగుపడుతుందా?

మరుసటేడు చట్టం మార్చేశారు, 2005 జనవరి నుంచి అమలు. ఇప్పుడు మినహాయింపు 500 డాలర్లు దాటాలంటే, సంస్థ దాన్ని అమ్మితే ఎంత వచ్చిందో అంతే రాసుకోవాలి. ఆ అంకె వాళ్ళే ఫారం 1098-సి మీద వేసి, అమ్మిన 30 రోజుల్లో పంపుతారు. సంస్థ ఆ బండిని తన పనికి గట్టిగా వాడుకున్నా, పెద్ద రిపేర్లు చేయించినా, పేదవాళ్ళకి బాగా చౌకగా ఇచ్చినా అప్పుడు మార్కెట్ విలువ రాసుకోవచ్చు. మిగతావాళ్ళకి వేలంలో పలికిందే విలువ. అంటే నా ఇరవయ్యేళ్ళ త్యాగానికి వెల కట్టేది వేలంలో చెయ్యెత్తే ఎవడో!

పోనీ ఆ అంకైనా చేతికందుతుందా? అది దక్కాలంటే షెడ్యూల్ ఎ నింపి ఖర్చులన్నీ విడివిడిగా చూపించాలి. అలా చూపించనివాళ్ళకి దాని బదులు స్టాండర్డ్ డిడక్షన్ అని ఒక స్థిరమైన మినహాయింపు ఉంటుంది. 2018లో దాన్ని దంపతులకి 12,700 నుంచి 24,000 డాలర్లకి పెంచినప్పటి నుంచి ఆ షెడ్యూలు జోలికి వెళ్ళేవాళ్ళే తగ్గిపోయారు, ఇప్పుడు పదిలో తొమ్మిది మంది వెళ్ళరు. ఆ తొమ్మిదిలో నేనొకణ్ణి. 2026 నుంచి ఇలాంటివాళ్ళకి కూడా దానాల మీద ఒక్కరికి వెయ్యి, దంపతులకి రెండు వేల డాలర్ల దాకా మినహాయింపు ఉందని విని సంబరపడ్డాను. నగదు ఇస్తేనేనట. ప్రభుత్వమూ మా ఆవిడా ఒక్క మాట మీద ఉన్నారు.

అందుకని నా డిమాండ్ ఏమిటంటే, ఫారం మీద ‘అనుబంధపు విలువ’ అని ఒక గడి పెట్టాలి. ఆ అద్దాన్ని అన్నేళ్ళు ఎత్తిపట్టిన చెయ్యి నాది.

టో ట్రక్ రోజున ఇంటిల్లిపాదినీ బయటికి పిలిచి బండి పక్కన ఫొటో తీయించాను. డ్రైవరు టైటిల్ మీద, అంటే బండి యాజమాన్య పత్రం మీద, సంతకం చూసుకుని, తాళాలు తీసుకుని, గొలుసులు బిగించడానికి మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. నేను గొంతు సవరించుకుని రెండు మాటలు చెప్పబోతుంటే ‘డిక్కీలో గొడుగుంది, మీదేనా?’ అన్నాడు. నాదే. ఆ గొడుగుతోనే నిలబడి వీడ్కోలు చెప్పాను.

నెల తిరక్కుండా ఫారం వచ్చింది. 610 డాలర్లు పలికింది. పన్నులు వేసే రోజున ఆ కాగితాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పాను. ఎటు తిప్పినా నాకు వచ్చింది సున్నా. అంటే ఏ ప్రతిఫలమూ లేకుండా దానం చేశానన్నమాట, నా ప్రమేయం లేకుండానే. నిష్కామ కర్మ అని పెద్దలు చెప్పింది దీని గురించేనేమో, అది చేసేవాడి తప్పు కాదు, పన్ను చట్టం వల్ల జరిగిపోతుంది.

ఆ వైరాగ్యంలోనే టోల్ కంపెనీ నుంచి వచ్చిన మెయిళ్ళు తెరిచి చూడలేదు. మొన్న మా ఆవిడ చూసింది. గొడుగు తీసుకున్నాను గానీ, రియర్ వ్యూ మిర్రర్ చాటున అంటించిన టోల్ ట్యాగ్ పీకడం మరిచిపోయాను. నెల నెలా మా ఖాతాలోంచి డబ్బు కట్ అవుతోంది. వారానికి ఐదు రోజులు, పొద్దున్నే ఐదున్నరకి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి, తేదీలూ గేట్లతో సహా అంతా ఉంది. ఎవరో పనికి వెళ్ళొస్తున్నారు. ఒక్క రోజు నాగా లేదు.

మా ఆవిడ ఫోను నాకేసి తిప్పి అడిగింది, ‘మెకానిక్ ఇవాళో రేపో అన్నది ఏ సంవత్సరం సంగతండీ?’