మడికి జీతం

మా నాయనమ్మ అరవై ఏళ్లు మడి కట్టుకుని వంటింటి గడప దగ్గర కాపలా కాసింది. ఎవరు ఏ గిన్నె ముట్టుకున్నారో, ఏ గరిటె ఎందులో పెట్టారో అన్నీ ఆవిడ లెక్కే. పైసా జీతం లేదు. అదే న్యూయార్క్‌లో యూదుల ఇంట పుట్టి ఉంటే ఈ పనికే నెలనెలా చెక్కు అందుకునేది.

ఆ ఉద్యోగాన్ని మష్గియాఖ్ అంటారు. హోటల్లోనో ఫ్యాక్టరీలోనో కోషర్ నియమాలు, అంటే యూదుల తిండి మడి, నడుస్తున్నాయా లేదా చూసే మనిషి. చూస్తూ కూర్చోవడమే అనుకునేరు. పొద్దున్నే వచ్చి పొయ్యి వెలిగించాలి. వండేది ఎవరైనా సరే, నిప్పు యూదుడు రాజేస్తే యూదుడు వండినట్టే లెక్క. ఇది అష్కెనాజీల మాట, అంటే యూరప్ వైపు యూదులది. స్పెయిన్ మూలాల సెఫార్దీ యూదులు ఇంకాస్త పట్టుదల మనుషులు, గిన్నె కూడా యూదుడే పొయ్యి మీద పెట్టాలంటారు. నాయనమ్మ సెఫార్దీ పక్షం.

తర్వాత గుడ్లు. ఒక్కొక్కటే గాజుగ్లాసులో కొట్టి నెత్తుటి చుక్క ఉందేమో చూడాలి. ఆపైన ఆకుకూరలు. కింద లైటు వెలిగే తెల్లబల్ల మీద లెట్యూస్ ఆకు పరిచి, ఈనె ఈనె వెంట వేలు జరుపుతూ పేనుబంక కోసం వెతకాలి. పాలకూర కట్టను రెండుసార్లు జాడించి కత్తిపీట కిందికి తోసే మనలాంటి వాళ్లు ఆ దృశ్యం చూడకపోవడమే మంచిది. 2004లో న్యూయార్క్ కుళాయి నీళ్లలోనే రొయ్య జాతి పురుగులున్నాయని తేలింది. కంటికి కనిపించీ కనిపించనంత ప్రాణులు. రొయ్య కోషర్ కాదు కదా, మరి ఆ నీళ్లు తాగొచ్చా అని రబ్బీలు, అంటే వాళ్ల మతగురువులు, వాదించుకున్నారు. ఈలోగా ఎందరో ఫిల్టర్లు బిగించుకున్నారు. ఏ శాస్త్రమూ చదవని ప్లంబర్లు బాగుపడ్డారు.

మేకపిల్లను దాని తల్లిపాలలో ఉడికించవద్దని యూదుల ధర్మగ్రంథం తోరా మూడుచోట్ల చెప్పింది. ఆ ఒక్క ముక్కలోంచి మాంసానికీ పాలకూ విడివిడిగా రెండు సింకులు, రెండు జతల గిన్నెలు, మాంసం తిన్నాక పాలు ముట్టడానికి ఆరు గంటల ఎడం పుట్టుకొచ్చాయి. డచ్ యూదులకు మాత్రం గంట చాలు. ఎక్కడైనా ఆచారం కన్నా ఊరి ఆకలిదే పైచేయి.

ఈ మష్గియాఖ్ రోజంతా అక్కడే ఉంటాడా? చాలా ఫ్యాక్టరీల్లో ఉండడు, ఉండనక్కర్లేదు కూడా. ఎప్పుడు ఊడిపడతాడో తెలియకపోతే చాలు, ఆ భయమే కాపలా అని యూదుల పాత ధర్మశాస్త్రం తాల్ముద్ కాలం నుంచీ ఉన్న సూత్రం. అత్తగారు పక్క వీధిలో కాపురముంటే కోడలికి ఈ సూత్రం ఎవరూ బోధించనక్కర్లేదు. ఇక ఇజ్రాయెల్‌లో చాలాకాలంగా తనిఖీ చేసేవాడి జీతం తనిఖీకి గురయ్యే హోటలే ఇస్తూ వచ్చింది. దీని మీద అక్కడ ఎందుకంత గొడవ జరిగిందో, మన కాంట్రాక్టర్ల రోడ్లు చూసిన నాకు అర్థం కాలేదు.

మొన్న అమెరికాలో, ఎడిసన్‌లో మా అబ్బాయి ఇంటికెళ్లినప్పుడు కోడలు షాపులో మాకరూన్లనే కొబ్బరి బిస్కెట్ల డబ్బా తీసి తిప్పి చూసింది. సున్నాలో యు, అది కోషర్ ముద్ర, పక్కన పి.

"తీసుకోవచ్చు మావయ్యగారూ. పి అంటే పరేవ్. మాంసం ఉండదు, పాలు ఉండవు. మనలాంటి వెజిటేరియన్లంతా ఈ గుర్తు చూసే కొంటాం."

రబ్బీ మీద ఆ నమ్మకం చూసి ముచ్చటేసింది. కానీ ఆ పి యూదుల పస్కా పండగది, పాసోవర్‌లోని పి. పరేవ్ అయినా గుడ్డూ చేపా అందులోకే వస్తాయి. కళ్లద్దాలు సవరించుకుని దినుసులు చదివాను. రెండో మాటే గుడ్డు తెల్లసొన.

కోడలు నాలుక కరుచుకుని డబ్బా మళ్లీ అరలో పెట్టేసింది. మనవడు గొల్లుమన్నాడు.

"మా స్కూల్లో రోజూ గుడ్డు పెడతారు తాతయ్యా! నేను తింటాగా!"

కోడలు నా వంక చూడలేదు. నేను అర మీది ఇంకో డబ్బా చదవడం మొదలుపెట్టాను.