ఏతాన్ని ఏ బల్ల మీద పెట్టాలి?

ఉగాది నాడు ఇక్కడ, ఒడిశాలోని బరంపురంలో, మన తెలుగు సంఘం పెట్టిన పిల్లల ప్రదర్శనకు వచ్చినవాళ్లకు ఆ రెండు బల్లలూ గుర్తుండే ఉంటాయి. ఒకదానికి ‘విజ్ఞానం’ అని అట్ట కట్టాం, రెండోదానికి ‘మన సంప్రదాయం’ అని. ఏడో తరగతి కుర్రాడొకడు బావిలోంచి నీళ్లు తోడే ఏతాన్ని వెదురుతో చేసి తెచ్చాడు. దాన్ని తీసుకెళ్లి రెండో బల్ల మీద, ముగ్గుల పుస్తకాలకూ కొలువు బొమ్మలకూ మధ్య సర్దారు. నిర్వాహకుల్లో నేనూ ఒకణ్ణి. చూశాను, ఊరుకున్నాను. పచ్చడి ప్రసాదం పంచుతున్నంతసేపూ నా కళ్లు ఆ బల్ల మీదే ఉన్నాయి.

ఆ పిల్లవాడు ఏం చేశాడో చెప్పాలి. చాలామంది దాని ముందు ఆగనే లేదు. నిలువు కర్ర మీద అడ్డంగా వెదురు బొంగు, సరిగ్గా నడుమ ఇరుసు. ఒక కొసన తాడుకు డబ్బా, ఇంకో కొసన రాళ్ల సంచి. పక్కనే స్ప్రింగు త్రాసు. డబ్బాలో 2 లీటర్ల నీళ్లు పడతాయి, అంటే 2 కిలోలు. రాళ్ల సంచి ఖాళీ డబ్బా కన్నా సరిగ్గా 1 కిలో ఎక్కువ తూగేలా చూసుకున్నాడు. ఖాళీ డబ్బాను దించడానికి కిలో బరువంత లాగాలి. నిండాక పైకి తేవడానికి మళ్లీ కిలో బరువంతే. “నీళ్ల బరువు ఎక్కడికీ పోలేదండీ. సగం దిగేటప్పుడే కట్టేస్తున్నాం” అన్నాడు నాతో. పైగా కిందికి లాగేటప్పుడు ఒంటి బరువు తోడొస్తుంది కాబట్టి నడుం మీద భారం తగ్గుతుందని కూడా వాడే చెప్పాడు. పైన ఒడియా లిపిలో ‘తెండా’, దాని కింద తెలుగులో ‘ఏతం’ అని రాసుకొచ్చాడు. బరంపురం పిల్లవాడు ఇంకెలా రాస్తాడు?

మొదటి బహుమతి సిరంజిలతో నడిచే జేసీబీ చెయ్యికి వెళ్లింది. పెట్టెలో కొన్న భాగాలను ఆ పాప శ్రద్ధగానే బిగించింది. ఆ బొమ్మ తక్కువదని నేననను. సన్న సిరంజిని నొక్కితే ఆ ఒత్తిడే లావు సిరంజికీ చేరుతుంది. లావు సిరంజి లోపలి వైశాల్యం నాలుగింతలైతే బలం నాలుగింతలు, కదిలే దూరం నాలుగో వంతు. పాస్కల్ 17వ శతాబ్దంలో చెప్పిన సూత్రం అది. కానీ ఆ పాపను ఈ సంగతి మేమెవరం అడగలేదు. ఏతం కుర్రాణ్ణీ అడగలేదు. ఒక బొమ్మ రంగురంగులుగా ఉంది, ఇంకోటి మట్టి రంగులో ఉంది. అంతే చూశాం.

నాకు ఇంత పట్టింపు ఎందుకంటే, నేను పట్టు మగ్గాల వీధిలో పుట్టినవాణ్ణి. వేసవి సెలవులంటే నాన్నమ్మ పక్కన కూర్చుని మగ్గానికి దారం కండెలు చుట్టడమే. రాట్నం పెద్ద చక్రం నుంచి సన్నని తాడు కండె తిరిగే పుల్లకు, అంటే కదురుకు, వెళ్తుంది. చక్రం మెల్లగానే తిరుగుతుంది గానీ కదురు కంటికి ఆనదు. ఒకరోజు కదురు మీద కుంకుమ చుక్క పెట్టి, చక్రాన్ని ఒక్క చుట్టు నెమ్మదిగా తిప్పి లెక్కపెట్టాను. ముప్పై దాటింది. నమ్మలేక మళ్లీ లెక్కపెట్టాను. “చక్రం పెద్దది, కదురు చిన్నది. పెద్దది ఒక్క అడుగేస్తే చిన్నది పరిగెట్టాలి కదరా” అంది నాన్నమ్మ. ఆవిడకు సంతకం రాదు.

ఆ ఏడే బడిలో మాస్టారు, ఒక చక్రం తాడుతో ఇంకో చక్రాన్ని తిప్పే యంత్రం పేరు చెప్పమన్నారు. ఎవరో కుట్టుమిషను అన్నారు. నా నోట్లో రాట్నం ఉంది. చెప్పలేదు. చెబితే మగ్గం వాళ్ల పిల్లాడని తెలిసిపోతుందని భయం. ఉగాది నాడు ఊరుకున్నదీ ఆ నోరే.

పాతవన్నీ గొప్పవని నేను వాదించడం లేదు. గుంటలో కాళ్లు పెట్టి నేసే గుంట మగ్గం మా తాత మోకాళ్లను తినేసింది. బావి మీద ఒంటి గిలక బలాన్ని ఏమీ ఆదా చెయ్యదు. పది కిలోల బరువుకు పది కిలోలంతా లాగాలి, రాపిడికి ఇంకాస్త. కిందికి లాగే వెసులుబాటు తప్ప దాని వల్ల ఒరిగేదేమీ లేదు. కానీ ఆ సంగతి తాడు పట్టుకున్న పిల్లకు తెలిసినట్టు బొమ్మ చూసిన పిల్లకు తెలియదు. మన ఒడియా ఇరుగుపొరుగు ఇళ్లలో ఉండే, కాలితో తొక్కి ధాన్యం దంచే ఢెంకి ఇంకా విచిత్రం. తొక్కే వైపు పొట్టి, రోకలి వైపు పొడుగు. కాలు జానెడు దిగితే రోకలి మూడు జానలు లేస్తుంది. అంటే రోకలి బరువుకు మూడింతల బలంతో తొక్కాలి. యంత్రమంటే తక్కువ బలంతో పని చేయించేది అని బట్టీ పట్టిన పిల్లలు ఇక్కడ ఆగిపోతారు. ఎక్కువ బలం పెట్టి ఎక్కువ ఎత్తు కొనుక్కుంటున్నాం, ఆ బలం మన ఒంటి బరువే ఇస్తోంది అని తెలిసినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి! అడకత్తెరలో పోకచెక్క ఎక్కడ పెడితే సులువుగా తెగుతుందో అమ్మమ్మలకు తెలుసు: కీలుకు దగ్గరగా. ‘సంప్రదాయం’ అని అట్ట కట్టేస్తే ఈ లెక్కను ఇక ఎవరూ అడగరు. పూలదండ వేసి పక్కన పెట్టడం కూడా పారెయ్యడమే.

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు 10 రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగి, కుమ్మరి వంటి పనివాళ్ల దగ్గర నేర్చుకునే వీలు కల్పించమంది. మన ఊళ్లో ఆ పది రోజులకు మగ్గాల వీధి కన్నా మంచి చోటు ఏముంది? కాలితో తొక్కగానే పడుగు, అంటే నిలువు దారాలు, రెండు పాయలుగా విడిపోవడం, ఆ సందులో అడ్డ దారంతో నాడె దూరడం, జకార్డు పెట్టెలో చిల్లుల అట్ట ఏ దారం లేవాలో చెప్పడం, అన్నీ ఒక్క గదిలో కనబడతాయి. మన ఆదివారం తెలుగు తరగతిలో పద్యాలతో పాటు ఇరుసు, గిలక, కదురు, కీలు అనే మాటలూ రానివ్వండి. వస్తువు చేతిలో ఉంటే మాట నిలుస్తుంది.

వచ్చే ఉగాదికి ఒకే బల్ల పెడదాం. కొన్న పెట్టె అయినా, వెదురు బొంగైనా అక్కడే. ప్రతి బొమ్మ పక్కనా ఒక స్ప్రింగు త్రాసు, ఒక కొలత టేపు. ఎంత బరువు, ఎంత బలం, ఎంత దూరం అని ప్రతి పిల్లనూ పిల్లవాణ్ణీ అడుగుదాం. ఆ కుర్రాణ్ణి మళ్లీ పిలవండి. ఇంటికి వెళ్లి అడిగే పని నాది, సంఘం తరఫున అడగడానికి మీరు ఒప్పుకోండి.

నాన్నమ్మ రాట్నం మా ఇంటి అటక మీదే ఉంది. తాడు కుళ్లిపోయింది, కదురు వంగింది. దించి బాగు చేయిస్తున్నాను. కుంకుమ చుక్క పెట్టి లెక్కపెట్టడానికి పిల్లల్ని ఏ ఆదివారమైనా పంపండి.